మానుతున్న పుండు, కలయిక తర్వాత పట్టుకున్న భయం: ఏం చూడాలి, ఎప్పుడు పరుగెత్తాలి

కండోమ్ లేకుండానో, కండోమ్ చిరిగిపోయో, హెచ్ఐవీ ఉందో లేదో తెలియని మనిషితో కలిశారా? ఇంకా 72 గంటలు దాటలేదా? అయితే ఇది మొదటి నుంచి చదవకండి. నేరుగా 4వ మెట్టుకు వెళ్లి, అది చదివి ఆస్పత్రికి బయల్దేరండి. పుండు సంగతి బస్సులో కూర్చుని చదువుకోవచ్చు.

మిగతావాళ్లం నిదానంగా మాట్లాడుకుందాం.

ఒడిశా సరిహద్దులో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మందుల షాపులో కూర్చునే మాకు ఈ భయం బాగా తెలుసు. కుర్రాడు వచ్చి ముందు "అన్నా, పుండుకి రాసే మందు ఇయ్యి" అంటాడు. ట్యూబు చేతిలో పెట్టాక కూడా కదలడు. పక్కనున్న మనిషి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అసలు మాట అడుగుతాడు: "కాలి మీద దెబ్బ ఉండగా కలిసేను. దాంట్లోంచి ఎయిడ్స్ వస్తాదా?" సూరత్ మరమగ్గాల నుంచి సెలవుకు వచ్చినవాడు కావచ్చు, లారీ మీద వెళ్లేవాడు కావచ్చు, కొత్తగా పెళ్లయినవాడూ కావచ్చు. ఆడవాళ్లయితే అదీ అడగరు, ట్యూబు కొనుక్కుని వెళ్లిపోతారు. ఇది వాళ్ల కోసం కూడా.

నేను చూసినంతలో జరిగేది ఒకటే. మనిషి కాలి మీది పుండునే చూసుకుంటూ, రోజుకు పదిసార్లు ఫోన్‌తో ఫొటో తీసుకుంటూ మూడు రోజులు గడిపేస్తాడు. ప్రమాదం చాలావరకు ఆ పుండులో ఉండదు, కలయికలోనే ఉంటుంది. దానికి మందు ఉంది, ఆ మందుకు గడువు కూడా ఉంది. సరిగ్గా ఈ మూడు రోజుల్లోనే ఆ గడువు తీరిపోతుంది.

1. పుండును పగటి వెలుతురులో చూడండి

మా దగ్గర ఎక్కువగా కనబడేది బైకు సైలెన్సర్ తగిలి పిక్క మీద కాలిన మచ్చ. మొదటిరోజు ఎర్రగా ఉంటుంది, తర్వాత నీటిపొక్కు లేస్తుంది. పొక్కు చితికితే కింద గులాబీ రంగులో తడితడిగా, గాలి తగిలినా మండే చర్మం బయటపడుతుంది. ఆ దశలో అది తెరిచి ఉన్న గాయం. కొన్నాళ్లకు రసి కారడం ఆగి, పక్కు కడుతుంది. పక్కు అంచులు వాటంతట అవే లేచి, కింద నుంచి లేత చర్మం కనబడితే అది మూసుకుపోయిన గాయం. ఎర్రగా ఉన్నంత మాత్రాన తెరిచి ఉన్నట్టు కాదు. కొత్త చర్మం వారాల తరబడి అలాగే ఎర్రగా ఉంటుంది.

అనుమానంగా ఉంటే తెల్లటి పొడి గాజుగుడ్డ ముక్క తీసుకుని పుండు మీద మెల్లగా అద్ది చూడండి. గుడ్డకు తడి గానీ, పసుపు రసి గానీ, రక్తపు చుక్క గానీ అంటకపోతే పైచర్మం మూసుకున్నట్టే అనుకోవచ్చు. పక్కును గోటితో లేపి చూడొద్దు, మూసుకున్న దాన్ని మీరే తెరిచినట్టవుతుంది. స్పిరిట్ రాసి మండుతుందో లేదో చూడటం కూడా వద్దు. లేత చర్మం ఎలాగూ మండుతుంది, దాని వల్ల తేలేదేమీ లేదు.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. లెక్కలోకి వచ్చేది ఇవాళ పుండు ఎలా ఉందన్నది కాదు, కలిసిన రోజున ఎలా ఉందన్నది. ఆ రోజు లుంగీయో ప్యాంటో దానికి అంటుకుందా? రక్తం కారుతూ ఉందా? కట్టు కట్టి ఉందా? గుర్తు తెచ్చుకుని ఒక కాగితం మీద రాసుకోండి. భయంలో ఉన్న మనిషికి రోజురోజుకీ పుండు పెద్దదిగా గుర్తొస్తుంది. మొదటిరోజు రాసిన కాగితం అలా మారిపోదు.

2. పుండుకు ఏం తగిలిందో తేల్చుకోండి

ఉమ్మి, చెమట, కన్నీళ్లు, మూత్రం తగిలితే హెచ్ఐవీ రాదు. ముద్దు పెట్టుకున్నా, ఒకే దుప్పటి కప్పుకున్నా రాదు. పక్క మీద ఎండిన మరక తగిలినా రాదు. గాలికి ఆరిపోతే ఆ వైరస్ అంటించే శక్తి కోల్పోతుంది. హెచ్ఐవీ అంటేది రక్తం, వీర్యం, యోని స్రావం, మలద్వారపు స్రావం, తల్లిపాల ద్వారా. ఇవి కూడా చెదరని చర్మం గుండా లోపలికి వెళ్లలేవు. పక్కు కట్టి మూసుకున్న పుండు ఈ విషయంలో మామూలు చర్మం కిందే లెక్క.

ఇక తడిగా, తెరిచి ఉన్న గాయం మీద పడితే? అప్పుడూ ముప్పు చాలా తక్కువే. డాక్టర్లు, నర్సుల విషయంలో దశాబ్దాలుగా లెక్కలు ఉన్నాయి. హెచ్ఐవీ ఉన్న మనిషి రక్తంతో ఉన్న సూది గుచ్చుకుంటే అంటుకునే అవకాశం వెయ్యికి సుమారు 3. అదే రక్తం కంటిలోనో నోటిలోనో పడితే వెయ్యికి సుమారు 1. దెబ్బతిన్న చర్మం మీద పడితే దానికన్నా తక్కువ. ఇది రక్తం గురించిన లెక్క అని మరిచిపోవద్దు.

దీని పక్కన కలయిక లెక్క పెట్టి చూడండి. అవతలి మనిషికి హెచ్ఐవీ ఉండి, మందులు వాడకుండా ఉంటే, కండోమ్ లేని ఒక్క కలయికలో ఆడవాళ్లకు అంటుకునే అవకాశం పదివేలకు 8, మగవాళ్లకు 4. మలద్వారం ద్వారా అయితే స్వీకరించే వాళ్లకు పదివేలకు 138. అంకెలు చిన్నవిగా కనబడతాయి గానీ, శరీరం మీద సుఖవ్యాధి పుండు ఉంటేనో, పదేపదే కలిస్తేనో అవి పెరుగుతాయి. అవతలి మనిషి క్రమం తప్పకుండా ఏఆర్‌టీ మందులు (హెచ్ఐవీని అదుపులో ఉంచేవి) వాడుతూ, పరీక్షలో వైరస్ కనబడనంత తగ్గి ఉంటే మాత్రం కలయిక ద్వారా హెచ్ఐవీ అంటదు. ఈ సంగతి మన వైపు ఇంకా చాలామందికి తెలియదు.

3. పుండు ఎక్కడుందన్నది అన్నిటికన్నా ముఖ్యం

పిక్క మీద, మోచేతి మీద ఉన్నదానికి ఇంత చర్చ అక్కర్లేదు. వేలి మీద కోసుకున్న గాయం తెరిచి ఉండగా అవతలివాళ్ల మర్మావయవాలను తాకితే, కడిగేసుకుని, కొన్నాళ్లు గమనిస్తే సాధారణంగా సరిపోతుంది. వాళ్లకు నెలసరి రక్తం వస్తూ ఉండి, మీ వేలి గాయం పచ్చిగా ఉంటే డాక్టరుకు చెప్పండి.

రేజర్ కోత సంగతి వేరు. కలిసే రోజునే వెంట్రుకలు గీసుకునే అలవాటు చాలామందికి ఉంది. అక్కడ పడే సన్నని కోతలు కంటికి కనబడవు గానీ హెర్పిస్, పులిపిర్లు, సిఫిలిస్ లాంటివి లోపలికి దిగడానికి చాలు. ఆ రోజు గీసుకోకండి, కావాలంటే కత్తెరతో పొట్టిగా కత్తిరించుకోండి. బ్లేడు మాత్రం ఎవరితోనూ పంచుకోవద్దు, భార్యాభర్తలైనా సరే.

మర్మావయవాల మీదే పుండు ఉంటే, అది మీదైనా అవతలివాళ్లదైనా, దాన్ని మామూలు గాయం అనుకోకూడదు. హెచ్ఐవీకి అది నిజమైన దారి. ఇలాంటి పుండు ఉండగా కండోమ్ లేకుండా కలిస్తే గడియారం మొదలైనట్టే.

ఆపరేషన్ కుట్లున్న దంపతులు కూడా అడుగుతుంటారు. కాన్పు తర్వాత, పొట్ట కోసి తీసినా, కింద కుట్లు పడినా, గాయం మాని రక్తస్రావం ఆగేదాకా ఆగాలి. సాధారణంగా 6 వారాల చెకప్‌లో డాక్టరు చూసి చెబుతారు. మగవాళ్లకు సున్తీ ఆపరేషన్ అయితే 6 వారాలు కలవకూడదు. పైకి మానినట్టు కనిపించినా సరే.

4. 72 గంటలు

హెచ్ఐవీ లోపల స్థిరపడకుండా ఆపే మందుల కోర్సును పీఈపీ అంటారు. 72 గంటల లోపు మొదలుపెట్టాలి. లోపు అంటే ఆఖరి గంటదాకా ఆగొచ్చని కాదు, మొదటి మాత్ర ఎంత త్వరగా పడితే అంత మేలు. 72 గంటలు దాటాక మొదలుపెట్టడం వల్ల ప్రయోజనం ఉండదు కాబట్టి డాక్టర్లు రాయరు. మన దేశంలో సాధారణంగా ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ మూడూ కలిసిన ఒక మాత్ర, రోజుకు ఒకటి, 28 రోజులు.

ఎక్కడికి వెళ్లాలి? జిల్లా కేంద్ర ఆస్పత్రికి. గంజాం వైపు వాళ్లకు బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, అక్కడ ఏఆర్‌టీ కేంద్రమూ ఉంది. కొరాపుట్ వాళ్లకు అక్కడి సహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ. ఊళ్లో తెలిసినవాళ్లు చూస్తారన్న బెంగ ఉంటే సరిహద్దు దాటండి, తప్పేం లేదు: పర్లాకిమిడి నుంచి పాతపట్నం, బరంపురం నుంచి ఇచ్ఛాపురం, రాయగడ నుంచి పార్వతీపురం. కాకపోతే గుర్తుంచుకోండి, దాపరికం కోసం విశాఖ రైలెక్కి ఒక పగలు పోగొట్టుకోవడం కన్నా, దగ్గరి ఆస్పత్రిలో మొదటి మాత్ర వేసుకుని, మిగతా కోర్సు ఎక్కడ తీసుకోవాలో తర్వాత ఆలోచించుకోవడం తెలివైన పని. చిత్రకొండ, బలిమెల లాంటి దూరపు చోట్ల ఉన్నవాళ్లు తెల్లారేదాకా కూడా ఆగకండి. ఆదివారమైతే క్యాజువాలిటీకి వెళ్లండి. సోమవారం ఐసీటీసీ (ప్రభుత్వ హెచ్ఐవీ పరీక్ష, సలహా కేంద్రం) తెరుస్తారులే అనుకుంటే గడువు తీరిపోతుంది.

డాక్టరుతో చెప్పాల్సింది కథంతా కాదు. ఎప్పుడు కలిశారు, కండోమ్ ఉందా లేదా, అవతలి మనిషి గురించి మీకు తెలిసింది ఏమిటి, మీరు వాడే మందులేమిటి, అంతే. "ఈ మందు సూది గుచ్చుకున్న సిబ్బందికే" అని కౌంటర్ దగ్గర తిప్పి పంపాలని చూస్తే గొడవపడకుండా, "డ్యూటీ డాక్టరుగారితో మాట్లాడతాను" అనండి. ఉచితంగా దొరకకపోతే ప్రైవేటు డాక్టరు కూడా చీటీ రాయొచ్చు. మా వంటి చిన్న షాపుల్లో ఆ మాత్ర సాధారణంగా స్టాకు ఉండదు, కాబట్టి బయల్దేరే ముందే ఫోన్లు చేయండి. బలవంతం జరిగి ఉంటే ఆస్పత్రిలో ఆ మాట తప్పకుండా చెప్పండి. అలాంటి వారికి చికిత్స ఉచితంగా ఇవ్వాల్సిందే.

మందు మొదలుపెట్టే ముందు హెచ్ఐవీ, హెపటైటిస్ బి, కిడ్నీ పనితీరు పరీక్షలకు రక్తం తీస్తారు. గ్యాస్‌కు వాడే యాంటాసిడ్ మందు, ఐరన్, కాల్షియం మాత్రలు దీనితో కలిపి వేసుకోవద్దు, దాని శక్తి తగ్గిపోతుంది. ఈ మాత్రను వాటికి 2 గంటల ముందు గానీ, 6 గంటల తర్వాత గానీ వేసుకోవాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు డాక్టరుకు చెప్పండి, డోసు చూసుకోవాలి. వాంతి వచ్చేట్టుందని మధ్యలో మానేయకండి.

ఆడవాళ్లకు గర్భం భయం కూడా ఉంటే లెవోనార్జెస్ట్రెల్ మాత్రకూ 72 గంటలే గడువు. అది చీటీ లేకుండా ఏ షాపులోనైనా దొరుకుతుంది.

5. కడగడంలో అతి వద్దు

సబ్బు, పారే నీళ్లు చాలు. పుండును పిండి రక్తం తీయడం, బ్రష్‌తో రుద్దడం, నీళ్లు కలపని డెటాల్ పోయడం, సున్నం పెట్టడం, ఇవన్నీ మానుతున్న చర్మాన్ని చింపే పనులే. ఆడవాళ్లు లోపల నీళ్లు కొట్టి కడుక్కోవద్దు.

6. ఎవరూ భయపడని హెపటైటిస్ బి

ఎయిడ్స్ భయంతో నిద్ర పట్టనివాడు హెపటైటిస్ బి పేరు చెబితే "కామెర్లే కదా" అంటాడు. నిజానికి తెరిచి ఉన్న గాయం గురించి ఆలోచించాల్సింది దీని కోసమే. హెచ్ఐవీ కన్నా ఇది చాలా తేలిగ్గా అంటుతుంది. ఎండిన రక్తంలో కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది. టీకా మాత్రం ఉంది: మొదటిరోజు, నెలకు, ఆరో నెలకు, మొత్తం మూడు డోసులు. పిల్లలకు ఇచ్చే టీకాల్లో ఇది దేశమంతటా చేరింది 2011 నాటికి. కాబట్టి ఇవాళ్టి పెద్దవాళ్లలో చాలామందికి పడి ఉండదు. టీకా వేసుకోకపోతే, ప్రమాదం జరిగాక వీలైతే 24 గంటల్లోపు మొదటి డోసు వేయించుకోండి. అవతలి మనిషికి హెపటైటిస్ బి ఉందని తెలిస్తే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు. కలయిక తర్వాత దానికి గరిష్ఠ గడువు 14 రోజులు.

7. పుండుకు నిజంగా పట్టేది చీము

మానుతున్న పుండుకు కలయిక తర్వాత ఎక్కువగా జరిగేది మామూలు బాక్టీరియా చేరడమే. చుట్టూ ఎరుపు పాకడం, వేడి, రెండో మూడో రోజుకు నొప్పి తగ్గాల్సింది పోయి పెరగడం, చీము, వాసన, ఎర్రటి గీత పైకి పాకడం, జ్వరం: వీటిలో ఏది కనబడినా అదే రోజు డాక్టరు. షుగరున్నవాళ్లు మొదటి గుర్తుకే వెళ్లాలి.

మూడు మందులు కలిపిన "అన్నిటికీ పనికొచ్చే" క్రీములు అడగొద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, పుండు మానడాన్ని ఆలస్యం చేస్తుంది, పైగా రోగం రూపు మార్చేసి డాక్టరుకు అంతుపట్టకుండా చేస్తుంది. శుభ్రమైన పుండుకు వేజ్‌లీన్ పలచగా రాసి పైన గాజుగుడ్డ కట్టు చాలు. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకుని పదేళ్లు దాటితే ఒకటి వేయించుకోండి, గాయంలో మట్టి పడి ఉంటే అయిదేళ్లకే.

కలిసిన చోట కొత్తగా ఏదైనా లేస్తే తేదీ చూసుకోండి. 2 నుంచి 12 రోజుల్లో మండే చిన్న నీటిపొక్కులు గుత్తిగా వస్తే హెర్పిస్ కావచ్చు. 10 నుంచి 90 రోజుల మధ్య, ఎక్కువగా మూడు వారాలకు, నొప్పి లేని గట్టి అంచుల పుండు వస్తే సిఫిలిస్ అనుమానించాలి. నొప్పి లేదు కదా అని వదిలేస్తారు, అది దానంతటదే మానిపోతుంది కూడా, కానీ రోగం లోపలే ఉంటుంది. తొలిదశలో అయితే పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమవుతుంది. రాత్రిళ్లు దురద, వేళ్ల సందుల్లో పొక్కులు ఉంటే అది గజ్జి, ఇంట్లో అందరూ ఒకేసారి మందు రాసుకోవాలి.

8. జ్వరం వస్తే ముందు మలేరియా

రెండు మూడు వారాలకు జ్వరం రాగానే "వచ్చేసింది" అని కూలబడిపోతారు. కొత్తగా హెచ్ఐవీ సోకినవాళ్లకు 2 నుంచి 4 వారాల్లో జ్వరం, గొంతునొప్పి, ఒంటిమీద దద్దుర్లు, బిళ్లలు కట్టడం ఉండే మాట నిజమే. కానీ రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి కొండల్లో జ్వరానికి మొదట అడగాల్సింది మలేరియా గురించి. ఆశా దిదీ దగ్గర కిట్టు ఉంటుంది, వేలి చుక్క రక్తంతో కాసేపట్లో తెలుస్తుంది. సిగ్గుపడి జ్వరాన్ని దాచుకుంటే ఫాల్సిపరం మలేరియా ప్రాణం మీదకు తెస్తుంది.

ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది ఊహించరు. జ్వరంతో పాటు గజ్జల్లోనో, చంకలోనో, నడుం పట్టీ దగ్గరో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు, నొప్పి లేకుండా కనబడితే అది కలయిక వల్ల వచ్చింది కాకపోవచ్చు. పొదల్లో, పొలాల్లో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ అది. డాక్సీసైక్లిన్‌తో తగ్గుతుంది, ఆలస్యం చేస్తే ముదురుతుంది. డాక్టరుకు బట్ట తొలగించి చూపించాల్సిందే.

9. పరీక్షలు, తేదీలు

మర్నాడే చేయించుకున్న హెచ్ఐవీ పరీక్ష మీ పాత సంగతే చెబుతుంది. అయినా చేయించుకోవాలి, తర్వాతి ఫలితాలను పోల్చుకోవడానికి. తర్వాత 6 వారాలకు, 3 నెలలకు. ల్యాబులో చేసే నాలుగో తరం పరీక్ష 45 రోజులకు నెగెటివ్ వస్తే గట్టిగా నమ్మొచ్చు. వేలి రక్తంతో చేసే రాపిడ్ పరీక్షకైతే 3 నెలలు ఆగాలి. పీఈపీ మాత్రలు వాడినవాళ్లు ఈ రోజులను ఆఖరి మాత్ర నుంచి లెక్కపెట్టుకోవాలి. అదే రక్తంతో సిఫిలిస్, హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా అడగండి.

ఐసీటీసీలో పరీక్ష ఉచితం. 2017 నాటి హెచ్ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. అనుమానాలుంటే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, ఉచితం. 3 నెలల పరీక్ష నెగెటివ్ వచ్చాక కూడా మళ్లీ మళ్లీ ల్యాబుకు వెళ్లాలనిపిస్తూ, పాత పుండు మచ్చను చూసుకుంటూ ఉంటే, ఇక హెచ్ఐవీ పరీక్ష వల్ల ఆ టెన్షన్ తగ్గదు. మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

10. ఇంట్లో మనిషి

ఆఖరి పరీక్ష వచ్చేదాకా భార్యతో గానీ భర్తతో గానీ కండోమ్ తప్పనిసరి. ఆమె గర్భిణి అయినా, పాలిస్తున్నా అసలు మినహాయింపు లేదు. ఆ సమయంలో కొత్తగా సోకితే బిడ్డకు అంటుకునే ప్రమాదం చాలా ఎక్కువ. రక్తం ఎవరికీ ఇవ్వకండి. కారణం చెప్పలేక సూరత్ రైలు వారం ముందే ఎక్కేసే వాళ్లున్నారు. దాని బదులు ఐసీటీసీ కౌన్సిలర్‌ను అడగండి, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడటం వాళ్ల పనిలో భాగమే. ఆలోగా "పుండు మానేదాకా డాక్టరు కండోమ్ వాడమన్నాడు" అని చెప్పి వాయిదా వేయొచ్చు గానీ, పరీక్షలో ఏదైనా తేలితే ఆ మాటతో సరిపెట్టడం కుదరదు. అప్పుడు ఆమెకు కూడా పరీక్ష, చికిత్స కావాలి.

కట్టు మార్చిన గుడ్డను వేరే కవర్లో చుట్టి పారేయండి. 6 వారాలు, 3 నెలల తేదీలు ఇప్పుడే ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. ఇంట్లో పిల్లలు ఫోన్ చూస్తారనుకుంటే "బండి సర్వీసింగ్" అని రాసుకోండి.